తొలి మెడ

41వ ఓడ, 6వ రోజు

పొద్దుటంతా నాచు కడగడంతోనే సరిపోయింది. మూడు నీళ్ళు పోసి కడగాలి. మూడో నీళ్ళు పారబోసే ముందు వేలు ముంచి నాలుక్కి రాసుకుంటే ఉప్పు తగలకూడదు. ఎత్తూరులో ఆరేళ్ళ పిల్లనడిగినా ఈ సంగతి చెబుతుంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ దినచర్య పుస్తకం చివరికి ఊరి సభకి వెళుతుంది. అక్కడ పడవ మేస్త్రీలూ బడి పంతుళ్ళూ దీన్ని పైకి చదువుతారు. వాళ్ళకి అర్థం కాకపోతే నన్ను నిలబెట్టి అడుగుతారు. నిలబడి సమాధానాలు చెప్పే ఓపిక నాకు ఏనాడూ లేదు.

సముద్రం పొలాలు మింగేశాక కొండమీద మనకి దక్కిన ఆకుకూర నాచొక్కటే. పప్పులో వేసినా, పచ్చడి నూరినా, వడియాలు పెట్టినా అదే. అందులో అయోడిన్ దండిగా ఉంటుంది, కడిగితే చాలావరకు పోతుంది. ఏళ్ళ తరబడి అంత అయోడిన్ తిన్నవాళ్ళలో కొందరికి ఒంట్లో కాపలా కాసే కణాలే తిరగబడతాయి. మెడలో ఉన్న సొంత థైరాయిడ్ గ్రంథిని పరాయిదనుకుని కొరుక్కు తింటాయి. గ్రంథి పోతే మనిషికి చలి, ఉబ్బు, మతిమరుపు, గుండె నీరసం. ఊళ్ళో ఆరుగురిలో ఒకరికి ఈ జబ్బుంది. నాకూ ఉంది.

మందు లేకపోలేదు. రోజుకొక మాత్ర. కానీ అది నాలుగు నెలలకొకసారి ఓడలో వస్తుంది. మాత్రలు దింపి, బదులుగా అరవై మందిని ఏడాది పనికి ఎక్కించుకుపోతుంది. కొందరు తిరిగి వస్తారు. అందుకే ఎత్తూరులో ఎవరూ నెలలు లెక్కపెట్టరు, ఓడలు లెక్కపెడతారు.

ఆ మాత్ర అక్కర్లేకుండా చెయ్యాలని పదమూడేళ్ళు పనిచేశాను. రోగి చర్మం నుంచి నాలుగు కణాలు తీసి కొత్త గ్రంథిని పెంచుతాను. అది సులువే. తిరగబడిన కాపలా కణాలు కొత్తదాన్ని కూడా తినెయ్యకుండా చూడటమే కష్టం. అందుకని గ్రంథి కుట్టే ముందు నలభై వారాలపాటు దాని పొడిని కొంచెం కొంచెంగా ఒంట్లోకి ఎక్కిస్తాను. ‘ఇదిగో, ఇది నీదే, గుర్తుపట్టు’ అని శరీరానికి చెప్పడమన్నమాట. మేం దాన్ని పరిచయం అంటాం. నేను పెంచుతాను, సర్జన్ లోలాక్షి మెడలో కుడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా మా ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే టిఫిన్ గిన్నె.

మొదటి గ్రంథి నాకే కుట్టింది. మన చట్టం అదే. ఏ అవయవం తయారుచేసినా ముందు చేసినవాళ్ళు తొడుక్కోవాలి. అవయవం ఏదైనా ముందు మెడ వంచేది చేసినవాళ్ళే కాబట్టి దాన్ని తొలి మెడ అంటారు. తొడుక్కున్నవాళ్ళు తొమ్మిది ఓడలు గడిచేదాకా తమ పరీక్ష కాగితాలు తాము చూడకూడదు. ఆశ ఉన్న కళ్ళు అంకెల్ని సరిగ్గా చదవవని పెద్దలు పెట్టిన నియమం. నా కాగితాలు లోలాక్షి చదువుతుంది. ఇంకో ముప్ఫై నాలుగు రోజుల్లో తొమ్మిది ఓడలు నిండుతాయి. ఇన్నాళ్ళలో ఒక్క మాత్ర వేసుకోలేదు. మంచులో కూడా పల్చటి చీరతో తిరిగాను. గర్వంగా లేదంటే అబద్ధమే.

41వ ఓడ, 11వ రోజు

తవిటమ్మ వచ్చింది. ఒడ్డున నాచు ఏరే మనిషి. నా మెడ మూడు ఓడలు నిలిచాక సభ ఇచ్చిన అనుమతితో నూట పన్నెండు మందికి గ్రంథులు కుట్టాం. అందులో ముప్ఫయ్యోది ఆమెది. ఇవాళ ఎండ మాడుస్తుంటే రెండు దుప్పట్లు కప్పుకుని వచ్చింది. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి.

“ఎలా ఉంది తవిటమ్మా?”

“ఎలగుంతాదమ్మా. సలి. పొయ్యి కాడ కూకున్నా సలే. గంప ఎత్తుదునంటే సెయ్యి లేవట్లేదు.”

“నాచు ఎన్ని నీళ్ళకి కడుగుతున్నావు?”

“మూడు నీలకీ కడుగుతన్నాం.”

“నిజం చెప్పు.”

“అబద్దమాడితే నాకేటొస్తాదమ్మా? మూడు నీలే. మా కోడల్ని అడుగు.”

అడగలేదు. అరగంట తిట్టాను. ఇన్నేళ్ళు మాత్రల కోసం వరసలో నిలబడ్డ మనుషులకి మేం మెడలో కొత్త ప్రాణం పెడితే, ఒక్క నీళ్ళు ఎక్కువ పోసి కడుక్కోవడానికి బద్ధకమా అన్నాను. తవిటమ్మ తల వంచుకుని వింది. లోలాక్షి పక్కన కత్తెరలు ఉడకబెడుతూ, “నాలుగో నీళ్ళు కూడా పొయ్యమని రాసియ్యవే. వీళ్ళకి నోటిమాట చాలదు,” అంది. రాసిచ్చాను.

41వ ఓడ, 29వ రోజు

తవిటమ్మతో కలిపి ఇప్పటికి పంతొమ్మిది మంది. అందరికీ అదే చలి, అదే ఉబ్బు. అందరినీ నాచు గురించే అడిగాను. చివరికి నా ప్రశ్న నాకే వెగటు పుట్టింది. బడిపంతులు ఒకాయన నాచు వాసనే పడదని పన్నెండేళ్ళుగా ముట్టలేదట. ఆయన గ్రంథి కూడా పోయింది. పంతొమ్మిది మందికీ కుట్టించుకున్న మూడు నాలుగు ఓడలకే మొదలైంది. పరిచయం కొన్నాళ్ళు పనిచేసి తర్వాత చెడిపోతోందా అని అనుమానం వచ్చింది.

లోలాక్షితో అంటే కసిరింది. “ఏటే నీ అనుమానం? తొమ్మిది ఓడలు నిండబోతున్నాయి. నీ మెడ చూసుకో.”

అదే మాట మధ్యాహ్నం జగ్గునాయుడు కూడా అన్నాడు. సభకి పెద్ద మేస్త్రీ ఆయన. రోగులు పెరుగుతున్నారు, తొందరపడొద్దని చెబుదామని వెళితే నాకు బెల్లం పానకం ఇచ్చి కూర్చోబెట్టాడు.

“డాక్టరమ్మా, తొలి మెడ నిలిచింది కదా? మిగతావోళ్ళు నాచు సరిగ్గా కడక్కపోతే అది మీ తప్పు కాదు. నలభై రెండో ఓడ వొచ్చేసరికి మాత్రలక్కర్లేదని చెప్పీసి తిప్పి పంపించేద్దుం. ఈసారి అరవై మందికీ మూటలు కట్టుకోవద్దని చెప్పీసాను.”

బయట ఆ అరవై మంది ఇళ్ళలో ఎవరింట్లోనో డప్పు మోగుతోంది. ఓడ తిరిగి వెళ్ళిపోతే మళ్ళీ రాదు, ఆ ఓడవాళ్ళు బతిమాలితే వచ్చేరకం కాదు. అప్పుడు గ్రంథులు పోయినవాళ్ళకి గ్రంథీ ఉండదు, మాత్రా ఉండదు. నా మెడ చూసుకునే ధైర్యంతో పానకం తాగి వచ్చేశాను.

41వ ఓడ, 40వ రోజు

తొమ్మిది ఓడలు నిండాయి. నా కాగితాలు నేను చూసుకోవచ్చు. లోలాక్షి పొద్దున్నే నువ్వుల ఉండలు చేసుకొచ్చి నోట్లో పెట్టింది. కాగితాలు ఇంకా సర్దలేదు, రేపు ఇస్తానంది. నాకు ఆగే బుద్ధి లేదు. ఆమె ఆపరేషన్ గదిలో ఉండగా బీరువా తీశాను.

ముప్ఫై ఆరు నెలలకి ముప్ఫై ఆరు కాగితాలు. గుండ్రటి చేతిరాత. గ్రంథి చేసే హార్మోన్ అంకెలు చక్కగా ఉన్నాయి. పక్కనే యాంటీబాడీ అంకెలు, అంటే నా కాపలా కణాలు గ్రంథి మీద ఎంత పగబట్టాయో చెప్పేవి. తొమ్మిది వందల నుంచి మెట్లు దిగినట్టు నెలనెలా దిగి నలభైకి వచ్చాయి. నేను పదమూడేళ్ళు కలగన్న కాగితం సరిగ్గా ఇలాగే ఉంటుంది. కళ్ళనీళ్ళు వచ్చాయి. మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాను, ఆనందం కోసం.

రెండోసారి చదువుతుంటే 37వ ఓడ ఎనభయ్యో రోజు దగ్గర ఆగిపోయాను. ఆ రోజు రక్తం తీసినట్టు రాసి ఉంది. అంకె ఎప్పటిలాగే ఒక మెట్టు దిగింది. కానీ ఆ తేదీకి అటూ ఇటూగా పదకొండు రోజులు నేను దోమ జ్వరంతో అవతలి కొండమీద జ్వరాల పాకలో పడి ఉన్నాను. వంతెన తెగి ఇటువాళ్ళెవరూ అటు రాలేదు. నా రక్తం ఎవరూ తీయలేదు.

తేదీ పొరపాటు పడి ఉంటుందని గంటసేపు నాకు నేను చెప్పుకున్నాను.

41వ ఓడ, 42వ రోజు

నా రక్తం నేనే తీసుకుని పరీక్ష పెట్టాను. యాంటీబాడీలు పదకొండు వందల నలభై. నలభై కాదు. పరిచయం మొదలుపెట్టక ముందుకన్నా ఎక్కువ. నా ఒళ్ళు థైరాయిడ్‌ని ఇప్పటికీ పగవాడిలాగే చూస్తోంది. అంత పగలో నా గ్రంథి ఒక వారం కూడా బతకకూడదు. మరి మూడేళ్ళుగా నిక్షేపంగా ఎలా ఉంది?

అద్దం ముందు కూర్చుని మెడలోకి సన్నటి సూది గుచ్చుకుని నాలుగు కణాలు లాగాను. చీర మీద రక్తం పడింది. కణాల్ని మైక్రోస్కోపు కింద పెట్టి రంగు వేశాను. ప్రతి మనిషి కణం మీదా ఫలానావాళ్ళదని చెప్పే గుర్తులు ఉంటాయి. కాపలా కణాలు వాటిని చూసే పట్టుకుంటాయి. వీటి మీద ఆ గుర్తులు లేవు. ఒక్కటి కూడా లేదు.

ముసుగు కణాలు. మేం పనికి కొత్తగా ఉన్నప్పుడు కాలేయాలూ గ్రంథులూ పెంచే విభాగంలో అవే వాడేవారు. గుర్తులు చెరిపేసిన కణాలని ఏ ఒళ్ళూ పట్టుకోలేదు కాబట్టి ఎవరికైనా కుట్టొచ్చు. తర్వాత వాటిలో కేన్సర్ పుడితే దాన్ని కూడా ఏ ఒళ్ళూ పట్టుకోలేకపోయింది. రెండు ఓడల కాలంలో నలుగురు పోయారు. విభాగం మూసేశారు, ముసుగు కణాలన్నీ కాల్చెయ్యమన్నారు. తొలి మెడ చట్టం పుట్టింది ఆ చావుల నుంచే. ఆ విభాగంలో చివరిదాకా పనిచేసిన సర్జన్ లోలాక్షి.

నా మెడలో ఉన్నది నేను పెంచిన గ్రంథి కాదు.

41వ ఓడ, 43వ రోజు

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు అడిగాను. గిన్నె మధ్యలో ఉంది. ఆమె నాకు వడియాలు వేస్తోంది.

“లోలా, నా మెడలో ఉన్నది ఎవరి గ్రంథి?”

గరిటె గిన్నెలో పెట్టేసింది. బుకాయిస్తుందని అనుకున్నాను. ఆ మర్యాద కూడా నాకు దక్కలేదు.

“కాగితాలు చూసీసావా?” అంది.

“రక్తం కూడా చూశాను. కణాలు కూడా చూశాను.”

“నీకు కుట్టాక ఏడో వారం గుర్తుందా? మెడలో రక్తం గడ్డకట్టింది, శుభ్రం చెయ్యాలని మత్తిచ్చి మళ్ళీ కోశాను. విప్పి చూసేసరికి ఏటీ లేదే. నువ్వు పెంచిన గ్రంథి కుళ్ళిన వంకాయలాగ చేతిలోకొచ్చీసింది. నువ్వు బల్ల మీద నిద్రపోతన్నావు. నీకేటి చెప్పాలో తెలీలేదు. చల్లపెట్టెలో పాత ముసుగు గ్రంథులు రెండు దాచాను, కాల్చలేదు. ఒకటి తెచ్చి కుట్టీసాను.”

“లేచాక చెప్పొచ్చుగా.”

“చెప్దామనే పక్కన కూర్చున్నాను. నువ్వు కళ్ళు తెరిచి మొట్టమొదట ‘నిలిచిందా?’ అన్నావు. ఎలగన్నావో నీకు తెలీదు మణీ. నిలిచిందనీసాను. ఒకసారి అనీసాక ఇంకెప్పుడు కాదనగలను?”

“నూట పన్నెండు మంది మెడలు కోశావు. పనిచెయ్యదని తెలిసి కోశావు.”

“తెలీదు. నీ ఒంటికే పడలేదేమో, వాళ్ళకి పడుతుందేమో అనుకున్నాను.”

“అనుకున్నావా?”

“అనుకోవాలనుకున్నాను,” అంది. తర్వాత ఏడుపు మొదలుపెట్టింది. “మా ఆయన ముప్ఫయ్యో ఓడెక్కాడు. ఏడాదన్నారు. ఏడీ? ఆ ఓడ ఆగిపోవాలి. నీ మెడ నిలిస్తే ఆగుతుంది. అందుకే చేశాను. నీకోసం కూడా చేశాను. మూడేళ్ళు నువ్వు మాత్ర మింగకుండా, వణక్కుండా తిరిగావు కదే?”

“నా మెడలో కేన్సర్ పుట్టినా నా ఒంటికి తెలియదు. ఆ సంగతైనా తోచిందా నీకు?”

“నెలనెలా తడిమి చూస్తన్నాను కదే.”

ఆ మాట దగ్గర నాకు తిండి మీద చెయ్యి ఆగిపోయింది. అవును, ప్రతి నెలా వెనకనుంచి వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసేది. గడ్డం కింద వేళ్ళతో నిమిరేది. ముప్ఫై ఆరు సార్లు. మొగుడు లేని మనిషి, నేను తప్ప ఇంకెవరున్నారు, ప్రేమతో చేస్తోందనుకున్నాను. ఆ చేతుల కోసం ఎదురుచూసిన రోజులు కూడా ఉన్నాయి.

నా పనిని దొంగిలించినా ఇంత బాధపడేదాన్ని కాదు. నా పని చచ్చిపోయిన సంగతి నాకు చెప్పకుండా దాచింది. ఏడో వారంలోనే చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. అప్పటికి నాకు నలభై ఏడు. ఇప్పుడు యాభై. మధ్యలో మూడేళ్ళు చచ్చిన పనికి పూజలు చేయించుకున్నాను. లోలాక్షిని బయటికి పొమ్మన్నాను. గిన్నె తీసుకుని వెళ్ళింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఇద్దరం అన్నం పారేశాం.

41వ ఓడ, 51వ రోజు

జగ్గునాయుడు నమ్మలేదు. మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఈసారి పానకం ఇవ్వలేదు.

“అరవై ఇళ్ళల్లో మూటలు విప్పించీసాను. ఇప్పుడు మళ్ళీ కట్టుకోండని ఏ మొకం పెట్టుకుని చెప్పాల? మీరిద్దరూ దెబ్బలాడుకున్నారని ఊరంతా అనుకుంటన్నారు. ఆడోళ్ళ తగువుకి ఓడని రప్పించమంటారా?”

“కాగితాలు ఇచ్చాను కదా.”

“కాగితం ఒకసారి అబద్దమాడిందని మీరే అంటన్నారు. ఇది మాత్రం నిజమని నాకెలగ తెలుస్తాది? గ్రంథి తీయించి సభలో పెట్టండి. మన పరీక్షకులిద్దరూ సూసి సెప్తే అప్పుడు నమ్ముతాను.”

మొదట కోపం వచ్చింది, తర్వాత ఆయన అడిగింది సబబే అనిపించింది. నన్ను చూసే సభ రోగుల్ని నమ్మలేదు. నూట పన్నెండు మందిలో ఇప్పటికి నలభై నాలుగు మంది పడకేశారు. అయినా వాళ్ళ చలికి విలువ లేదు, నా మెడకి ఉంది. నా మెడ ఉన్నంతకాలం వాళ్ళు నాచు కడగడం చేతకానివాళ్ళే.

కానీ ఎత్తూరులో మెడ కోసే సర్జన్ ఒకత్తే ఉంది.

41వ ఓడ, 108వ రోజు

ఇన్నాళ్ళు ఎందుకు ఆగానని సభ అడుగుతుంది. భయపడి ఆగాను. గ్రంథి తీసేస్తే మర్నాటి నుంచి నేనూ చలిలోనే ఉంటాను. మాత్రల జాబితాలో నా పేరు లేదు. అది కాక, ఆ చేతికి మళ్ళీ మెడ అప్పగించడానికి మనసొప్పలేదు. ఎల్లుండి సభ. ఇంక ఆగడానికి రోజులు లేవు.

ఇవాళ ఉదయం చేయించుకున్నాను. మత్తుమందు అయిపోయింది, అదీ ఓడలోనే రావాలి. మెడ తిమ్మిరెక్కే సూది మాత్రం ఉంది. మెలకువగా ఉండటం ఒకందుకు మంచిదే. మూడేళ్ళలో గ్రంథి గొంతు నరానికి అతుక్కుపోయింది. రోగి మాట్లాడుతూ ఉంటే నరం మీద కత్తి పడుతున్న సంగతి గొంతులో తెలుస్తుంది, సర్జన్ వెంటనే చెయ్యి తీసేస్తుంది. నరం తెగితే గొంతు పోతుంది. ఎల్లుండి సభలో నేను మాట్లాడకుండా చెయ్యాలంటే లోలాక్షికి ఒక్క వెంట్రుకవాసి చాలు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. పరీక్షకులిద్దరూ గదిలోనే ఉన్నారు గానీ, కత్తి జారిందంటే ఎవరు కాదంటారు?

“మాట్లాడుతూ ఉండవే,” అంది, అరవై రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. “ఏదో ఒకటి. ఆపకు.”

సభలో చెప్పబోయేది చెప్పడం మొదలుపెట్టాను.

“సభకి నమస్కారం. నా పేరు కలిశెట్టి మణిమాల. తొలి మెడ నాది. ఆ మెడలో ఉన్నది నేను పెంచిన గ్రంథి కాదు.”

కత్తి కదులుతోంది. నొప్పి లేదు, లాగుతున్నట్టు మాత్రం ఉంది.

“నేను పెంచినది ఏడో వారంలోనే చనిపోయింది. దాని స్థానంలో ముసుగు కణాల గ్రంథి కుట్టారు. కుట్టిన మనిషి డాక్టర్ లోలాక్షి. ఆమె నాకు చెప్పలేదు. ముప్ఫై ఆరు నెలలు అబద్ధపు అంకెలు రాసింది.”

చెయ్యి ఆగింది. నేనూ ఆగాను. పైన దీపం, ఆమె ముక్కు మీద చెమట కనిపిస్తున్నాయి. గుడ్డ కట్టుకున్న నోరు కనబడటం లేదు.

“తరవాత?” అంది. “చెప్పు. నరం మీదున్నాను.”

“ఆమెని నేను సొంత చెల్లెలి కన్నా ఎక్కువగా నమ్మాను,” అన్నాను. అది రాసుకున్న దాంట్లో లేదు. గొంతు బొంగురుపోయింది.

“బొంగురొచ్చింది. నొక్కానా?”

“నువ్వు నొక్కలేదు. ఏడుపొచ్చింది.”

“ఏడవకే. ఏడిస్తే నాకు తెలీదు, ఏది నరమో ఏది ఏడుపో. అంకెలు చెప్పు.”

అంకెలు చెప్పాను. నూట పన్నెండు. నలభై నాలుగు. ఇప్పుడు డెబ్బై ఒకటి. రోగుల పేర్లు కూడా వరసగా చెప్పాను. తవిటమ్మ పేరు దగ్గర గ్రంథి పళ్ళెంలో పడిన చప్పుడు వినబడింది. ఆమె కుట్లు వేసి, గుడ్డ విప్పి, “గొంతు నిలిచింది. ఎల్లుండి గట్టిగానే చెప్పగలవు,” అంది. కళ్ళలోకి చూడలేదు. నేను కృతజ్ఞత చెప్పలేదు. చెప్పాలనిపించింది కూడా, అందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

41వ ఓడ, 110వ రోజు

సభలో చెప్పేశాను. బల్ల మీద గాజుపాత్రలో గ్రంథి పెట్టారు. పరీక్షకులు లేచి, కణాల మీద గుర్తులు లేవనీ, ఎడమ భాగంలో ఆవగింజంత గట్టి ముద్ద ఒకటి ఉందనీ చెప్పారు. ఆ ముద్ద సంగతి నాకూ అప్పుడే తెలిసింది. లోలాక్షి వైపు చూశాను. ఆమె వేళ్ళకి అది తగల్లేదని మొహం చూస్తే తెలిసింది. జగ్గునాయుడు అడిగితే లేచి నిలబడి, “అవును, నేనే చేశాను,” అంది. ఆమె భర్త పేరు ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు.

చేతులెత్తించారు. ఓడ ఉండాలని ముప్ఫై ఒక్క చేతులు, వద్దని తొమ్మిది. పది రోజుల్లో ఓడ వస్తుంది, అరవై మంది ఎక్కుతారు. వెనక వరసలో ఒక నడివయసు ఆవిడ పెద్దగా ఏడుస్తూ బయటికి వెళ్ళిపోయింది. ఆమె కొడుకు పేరు ఆ అరవైలో ఉందట. మా గదికి తాళం వేశారు. చచ్చిన గ్రంథులు తీసేదాకా లోలాక్షి కత్తి ఆమె దగ్గరే ఉంటుంది. తర్వాత లాగేసుకుంటారు.

అప్పుడు తవిటమ్మ లేచింది. కోడలు చంకకింద చెయ్యి వేసి పట్టుకుంది.

“ఓ మాటడగొచ్చా అమ్మా?”

“అడుగు తవిటమ్మా.”

“నాను సలని వొచ్చినప్పుడు నాచు కడగట్లేదని తిట్టినావు. నాలుగో నీలు పొయ్యమన్నావు. పోసినాం. అయినా తగ్గలేదు. ఈ పిల్లే సరిగ్గా కడగట్లేదనుకున్నాను. రెండుసార్లు కొట్టినాను దీన్ని.” కోడలు తల వంచుకుంది. “ఆ డాట్రమ్మ నీకు అబద్దమాడింది, సరే. మరి నాను నిజమే సెప్తిని గదా. నా మాట నమ్మకపోతివేటి?”

నేను మోసపోయాను తవిటమ్మా అనబోయాను. అది నిజమే. మూడేళ్ళు నన్ను మోసం చేశారు, అంతకన్నా నిజమైన మాట నా దగ్గర లేదు. కానీ ఆ మాట మింగేశాను. ఆమె అడిగినది లోలాక్షి గురించి కాదు.

“నమ్మలేదు,” అన్నాను. “నా మెడ బాగుంది కాబట్టి నమ్మలేదు.”

“సలి లేకుండా ఎచ్చగున్నావు,” అంది తవిటమ్మ. కోపం కూడా లేదు గొంతులో, అంత ఓపిక లేదు.

గుమస్తా మాత్రల జాబితా తెరిచాడు. నూట పన్నెండు మంది పేర్లు మళ్ళీ ఎక్కించాలి. ఓడలో వచ్చేవి పాత జాబితాకే సరిపోతాయి. కొత్త పేర్లకి ఆ తర్వాతి ఓడ వచ్చేదాకా ఉన్నవాటినే సగాలూ పావులూ చేసి పంచుతారు. జాబితాలో ముందున్నవాళ్ళకి ముందు. నా పేరు దగ్గరికి వచ్చేసరికి గుమస్తా తలెత్తాడు.

“డాక్టరమ్మగారిని ఎక్కడ రాయాలి?”

“ఆయమ్మ పేరు ఆకర్న ఎట్టండి,” అంది తవిటమ్మ.

జగ్గునాయుడు నా వైపు చూశాడు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి సూటిగా నా మీద పడుతోంది, అయినా అరచేతులు చల్లబడుతున్నట్టు అనిపించింది. రెండు రోజులకే చలి రాదని నాకు తెలుసు.

“అలాగే రాయండి,” అన్నాను.

గుమస్తా నూట పదమూడు అని వేసి నా పేరు రాసుకున్నాడు.